అరటి గదికి మూడు కాపలా పెట్టెలు

మా ఆయన కళ్ళు తిరిగి పడబోయిన రోజు నుంచి నాకు మగ్గిన అరటిపండు వాసనంటే భయం. అరటిపళ్ళ వ్యాపారం చేసే ఇంటి కోడలికి ఇదెక్కడి చోద్యమని మా బంధువులు నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ రోజు ఆయన మొహం వాళ్ళు చూడలేదు.

తిరువూరు బైపాస్ పక్కన మాకు పళ్ళు మగ్గబెట్టే గోడౌను ఉంది. ముందు వైపు ఆఫీసు గది, పక్కనే కాటా గది, వెనక రెండు పెద్ద మగ్గేసే గదులు. ఆ గదులకి గాలి చొరకుండా మందపాటి పలకల గోడలు, పక్కకి లాగితే జరిగే బరువైన తలుపులు. ఏటి లంకల నుంచి పచ్చి గెలలు లారీల్లో వస్తాయి. హస్తాలు కోసి ట్రేలలో సర్ది లోపల పేర్చి, మగ్గడానికి కాస్త గ్యాసు వదిలి, చల్లదనం సరిచూస్తూ నాలుగైదు రోజుల్లో రంగుకి తెస్తారు. అక్కడి నుంచి వ్యాన్లు విస్సన్నపేట, గంపలగూడెం, రెడ్డిగూడెం, అటు సత్తుపల్లి దాకా వెళ్తాయి. మా మామగారు పోయాక గల్లా మా అత్తగారిది, గదులు మా ఆయనవి. నేను ఆఫీసు గదిలో ఒక మూల టేబుల్ వేసుకుని, ఎక్కడో ఉన్న కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటాను.

కాయ మగ్గేటప్పుడు మనలాగే ఊపిరి వదులుతుంది. చిన్నప్పుడు బడిలో బొగ్గుపులుసు వాయువు అని బట్టీ పట్టామే, అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు బిగించిన గదిలో టన్నుల కొద్దీ కాయ పెడితే అది నిండుతూనే ఉంటుంది. వేళకి బయటి గాలి లోపలికి కొట్టే ఫ్యాన్ వేస్తే ఏ బాధా లేదు. వేయకుండా లోపలికెళ్తే మనిషి తనకే తెలియకుండా కూలబడతాడు. ఆ రోజు ఆయన ఫ్యాన్ సంగతి మరిచి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి. బోర్లించిన ట్రే మీద కూలబడి, నన్ను ఎవరో అన్నట్టు చూశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎన్నిసార్లు చెప్పానండీ, ఫ్యాన్ వేసి కాసేపు ఆగి వెళ్ళమని?"

"కాయ రంగు చూసి రావడం ఎంతసేపే? దానికి కూడా ముహూర్తం పెట్టించుకోవాలా?" అన్నారు, నీళ్ళు తాగి కాస్త తేరుకున్నాక.

అదీ మనిషి. నేను గొంతు చించుకున్నా ఆయనకి చెవికెక్కదు. తర్వాత కూడా రోజూ ఆయన ఆ తలుపు లాగిన చప్పుడు వినపడగానే నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయేవి. మళ్ళీ తలుపు మూసిన చప్పుడు వినపడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. మీటింగులో మేనేజరు ఏదో అడుగుతూ ఉంటాడు, నేను "ఒక్క నిమిషం సార్" అని చెవులు తలుపు వైపు వేసి కూర్చుంటాను. ఇలా ఎన్నాళ్ళు బతుకుతాను?

ఆయన్ని మార్చలేను కాబట్టి, ఆయన మరిచిపోయినా మరవని కాపలా పెడదామనుకున్నాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. గాలిలో ఆ వాయువు ఎంతుందో కొలిచే మీటర్లు తెప్పించి రెండు గదుల్లోనూ బిగించాం. వాటికోసం చిన్న చిన్న ప్రోగ్రాములు రాశాను. ఒకటి మీటర్లు చదువుతుంది. ఒకటి గాలి చెడగానే ఫ్యాన్ వేస్తుంది. ఒకటి సైరన్ మోగించి మా ఫోన్లకి కబురు పంపుతుంది. ఇంకొకటి, గది తలుపు పక్కన తగిలించిన తెర మీద లోపలి సంగతి చూపిస్తుంది: పచ్చగా ఉంటే వెళ్ళొచ్చు, ఎర్రగా ఉంటే వెళ్ళకూడదు.

ఒక్కో ప్రోగ్రామునీ ఒక్కో కంటైనర్‌లో కట్టాను. కంటైనర్ అంటే ఓడల మీద వెళ్ళే ఇనప డబ్బా కాదు. దూర ప్రయాణానికి మా అత్తగారు కట్టే భోజనం మూట లాంటిది. అన్నం, కూర, ఊరగాయ, విస్తరాకు అన్నీ అందులోనే ఉంటాయి, ఎక్కడ విప్పుకున్నా ఇంకొకటి వెతుక్కోనక్కర్లేదు. అలా కట్టిన ప్రోగ్రాము ఏ కంప్యూటర్ మీదైనా ఒకేలా నడుస్తుంది. ఇంతవరకూ నాకు చేతనైన పనే. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఈ మూటలన్నిటినీ లేపి, నడిపించి, ఏది పడిపోయినా మళ్ళీ నిలబెట్టే మేస్త్రీ లాంటి టూలు ఒకటి కావాలి. ఏది పెట్టాలి?

కంపెనీలో ఇలాంటి ప్రశ్న వస్తే ఒక పూట వాదించుకుని, టీ తాగి, ఏదో ఒకటి తేల్చేస్తాం. తప్పయితే ఎవరి పేజీయో కాసేపు తెరుచుకోదు, అంతే కదా. ఇక్కడ తప్పయితే మా ఆయన లోపల ఉంటారు. ఈ ఆలోచన రాగానే నా బుర్ర పని చేయడం మానేసింది. పదిహేనేళ్ళ అనుభవం ఏమైపోయిందో, కొత్తగా చేరిన పిల్లలా అన్నీ చదవడం, ఏదీ తేల్చుకోలేకపోవడం.

నా ముందున్నవి రెండే. చిన్నది కంపోజ్. ఒకే కంప్యూటర్ మీద నడుస్తుంది. ఒక్క ఫైలులో ఏమేం నడవాలో రాసి పెడితే అన్నిటినీ లేపుతుంది, ఏదైనా పడిపోతే మళ్ళీ లేపుతుంది. కానీ ఆ కంప్యూటరే పోతే అన్నీ పోతాయి. పెద్దది కుబర్నెటీస్. మూడు కంప్యూటర్ల మీద పరుచుకుని కూర్చుంటుంది. ఒకటి చచ్చిపోతే దాని పని తీసుకెళ్ళి మిగతా రెండింటికీ పంచుతుంది. నేర్చుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది, కానీ ఒకటి పోయినా కాపలా ఆగదు.

మా కంపెనీలో నాతో పనిచేసే కుర్రాడొకడు ఉన్నాడు, ఈ పనుల్లో ఆరితేరినవాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను.

"చిన్నదే చాలనిపిస్తోందిరా. నాలుగు ప్రోగ్రాములకి అంత రాజ్యం ఎందుకు?"

"అక్కా, బావగారి ప్రాణం తీసుకెళ్ళి ఒక్క మిషన్ మీద పెడతావా?" అన్నాడు.

వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ మాట తర్వాత ఇంకేం వాదిస్తాను? ఆ ఒక్క కంప్యూటర్ ఎండాకాలం వేడికి మాడిపోయినట్టు, బల్లి దూరి కాలిపోయినట్టు, అదే సమయంలో ఆయన లోపల ఉన్నట్టు పట్టపగలే కళ్ళ ముందు ఆడేది. పెద్దదే పెట్టాను. నా తెలివి ఎంచుకున్నదని ఎలా చెప్పను? నా భయమే ఎంచుకుంది.

అరచేతి వెడల్పు నల్లటి కంప్యూటర్లు మూడు తెప్పించాను. ఒకటి ఆఫీసు గదిలో, ఒకటి కాటా గదిలో, ఒకటి మేడ మీద చిన్న గదిలో. మూడింటికీ ఇన్వర్టర్ కరెంటు. మా అత్తగారు వాటిని పెట్టెలు అనేవారు. "ఏమ్మా, నీ పెట్టెలకి ఇవాళ ఒంట్లో బాగుందా?" అని రోజూ నన్ను ఆటపట్టించేవారు. ఆటపట్టించినా, గల్లా దగ్గర కూర్చుని నేను చేసే ప్రతి పనీ గమనించేవారు. కొడుకు కళ్ళు తిరిగి పడబోయిన సంగతి ఆవిడా మరిచిపోలేదు.

అన్నీ బిగించాక పరీక్ష చేశాను. మీటరు మీద నేనే ఊపిరి ఊదితే సైరన్ గోడౌను అదిరేలా మోగింది. తర్వాత అందరూ చూస్తుండగా కాటా గదిలో పెట్టె వైరు పీకేశాను. కాసేపు ఆగి మళ్ళీ ఊదాను. మళ్ళీ మోగింది. మా ఆయన చప్పట్లు కొట్టారు.

"ఒకటి తీసేసినా నడుస్తోందే!" అన్నారు అత్తగారు, చెంప మీద చెయ్యి పెట్టుకుని.

"అందుకే కదత్తయ్యా మూడు పెట్టింది. ఒకదానికొకటి తోడు," అన్నాను. ఆ పూట నాకు నిజంగా ధైర్యం వచ్చింది. అన్నం కూడా కడుపు నిండా తిన్నాను.

ఆ టూలుకి ఒక పట్టింపు ఉంది. మూడు కంప్యూటర్లూ ఊరి పంచాయితీలో ముగ్గురు పెద్దమనుషుల లాంటివి. ఏ నిర్ణయమైనా కనీసం ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు లేకపోతే ఇద్దరు కలిసి తీర్పు చెప్తారు. ఇద్దరు లేకపోతే, మిగిలిన ఒక్కరూ నోరు మెదపరు. చేతిలో ఉన్న పని చేస్తూ ఉంటారు గానీ, పక్కవాడు వదిలేసిన పని మాత్రం ఎత్తుకోరు. లేని తగువులు రాకుండా పెట్టిన మంచి నియమమే అది. రెండు పెట్టెలు ఒకేసారి పోవడం జరగదులే అనుకున్నాను. మూడు వేరు వేరు గదుల్లో ఉన్నాయి, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. ఇదంతా ఇంట్లో విడమరిచి చెప్పాలని కూడా తోచలేదు. ఎవరికి పడుతుంది ఈ గోల?

దసరా వచ్చింది. పూజలకీ, నెమలి ఊళ్ళో గుడి దగ్గర కొట్లకీ, ఊళ్ళలో అమ్మవారి పందిళ్ళకీ ఒకటే గిరాకీ. రెండు గదులూ కప్పు దాకా ట్రేలతో నిండిపోయాయి. మా ఆయన వ్యాన్లతో తిరుగుతూనే ఉన్నారు. అష్టమి నాడు సాయంత్రం నేను పిండివంటల పనిలో ఇంట్లో ఉండిపోయాను. కంపెనీకి సెలవు పెట్టాను. ఫోన్ ఒక్కసారి కూడా కూయలేదు. గాలి కాస్త బరువెక్కినా కబురు పంపే ఫోన్, ఆ సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా గమ్మున పడి ఉంది. నేను దాన్ని చూసి ఏమనుకున్నానో తెలుసా? ఫ్యాన్లు బాగా పనిచేస్తున్నాయి అనుకున్నాను. నా మొహం.

నవమి పొద్దున ఆయుధ పూజ. ముఠా కూలీలకి సెలవు, గోడౌనులో మేం ముగ్గురమే. నేను గారెల డబ్బా, పులిహోర గిన్నె పట్టుకుని ఆటో దిగేసరికి మా అత్తగారు ఆఫీసు గదిలో అమ్మవారి పటం ముందు అంతా సర్ది ఉంచారు. గెలలు కోసే కత్తులు, కాటాలు, తూకం రాళ్ళు, గల్లా పెట్టె తాళాలు, అన్నిటికీ పసుపు, కుంకుమ, చామంతులు.

మా అత్తగారికి ఒక ఆనవాయితీ ఉంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పనిముట్లన్నీ అమ్మవారి ముందు పెట్టి ఆ రోజు వాటికి పని చెప్పకూడదు, కానీ వ్యాపారం పూర్తిగా కళ్ళు మూయకూడదు. అందుకని ప్రతి రకంలోనూ ఒక్కటి వదిలేస్తారు. మూడు కాటాల్లో రెండు పూజకి, ఒకటి దాని చోటులోనే. కత్తుల్లో ఒకటి గోడకే ఉంటుంది. ఆ ఒక్కదానికి అక్కడే బొట్టు పెట్టి, "నువ్వు కాస్త చూసుకో తల్లీ" అని దండం పెడతారు. నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉండేది ఆ పద్ధతి.

గారెల డబ్బా కింద పెడుతూ చూశాను. కాటాల పక్కన, చామంతుల మధ్యలో, నా నల్ల పెట్టెలు రెండు ఉన్నాయి. గంధం, కుంకుమ బొట్లతో, వైర్లు చక్కగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"అత్తయ్యా, వీటిని ఎప్పుడు తీశారు?"

"నిన్న సాయంత్రమే తీసి తుడిచి పెట్టానమ్మా. కంగారు పడకు, నీ భయం నాకు తెలీదా? మేడ మీది ఒకటి వదిలేశాను. దీపం వెలుగుతోంది, పొద్దున కూడా ఎక్కి చూసొచ్చాను."

రెండు లేవు. మిగిలింది ఒక్కటే, పక్కవి వదిలేసిన పని అది ఎత్తుకోదు. నిన్న సాయంత్రం నుంచి మీటర్లు చదివేవాళ్ళు లేరు, ఫ్యాన్ వేసేవాళ్ళు లేరు. కప్పు దాకా కాయ ఉన్న గదులు రాత్రంతా మూసే ఉన్నాయి.

"ఆయనేరీ?"

"ఇప్పుడే వచ్చాడు. హారతికి ముందు చక్కెరకేళి పక్వం చూసొస్తానని గదిలోకి వెళ్ళాడు."

నేను పరిగెత్తాను. మొదటి గది తలుపు పక్కన తెర మీద పచ్చ రంగు ప్రశాంతంగా వెలుగుతోంది. ఆ తెర నడిపే ప్రోగ్రాము మేడ మీది పెట్టెలో ఉంది కాబట్టి అది బతికే ఉంది. దానికి కొత్త అంకెలు ఇచ్చేవాళ్ళు లేక, నిన్న సాయంత్రం వచ్చిన అంకెల్నే పట్టుకుని కూర్చుంది. ఎప్పటి అంకెలో మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఎవరు చూస్తారు? ఆయన పచ్చ రంగు చూశారు. జన్మలో మొదటిసారి నా మాట విని, తెర చూసి, వెళ్ళొచ్చనుకుని లోపలికి వెళ్ళారు.

తలుపు సగం తెరిచి ఉంది. లోపల లైటు వేసి ఉంది. "ఏవండీ" అని అరిచాను. జవాబు లేదు. వంగి చూస్తే ట్రేల వరసల మధ్య దారిలో ఆయన పాదాలు కనిపించాయి. ఒక చెప్పు ఊడిపోయి పక్కకి పడి ఉంది.

ఫ్యాన్ స్విచ్ చేత్తో వేశాను. అది గుర్రుమంటూ లేచింది. తలుపు ఇంకా లాగాను. ఆ తలుపు మీదే నేను అంటించిన కాగితం ఉంది: లోపల ఎవరైనా పడిపోతే వెంటనే లోపలికి వెళ్ళకండి, ముందు గాలి మారనివ్వండి. ఒకరి కోసం వెళ్ళి రెండోవాళ్ళు కూడా పడిపోతారని చదివి చదివి రాసిన వాక్యం అది. అది రాసినప్పుడు లోపల ఎవరి పాదాలు ఉంటాయో ఆలోచించలేదు.

వెనకాలే మా అత్తగారు వచ్చారు. చూశారు. ఒక కేక పెట్టి లోపలికి దూకబోతే నడుం పట్టుకుని ఆపాను.

"వదులమ్మా! వాడు పడిపోయాడు, వదులు!"

"వెళ్ళకండత్తయ్యా, గాలి లేదు, మీరూ పడిపోతారు!"

"పోతే పోతాను, వదలవే!" అని నా చేతుల మీద గోళ్ళతో రక్కారు. ఆ వయసులో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. నేను ఏడుస్తూ ఆవిణ్ణి పట్టుకున్నాను. కన్నతల్లిని కొడుకు దగ్గరికి పోనివ్వకుండా ఆపుతున్నాను. ఆయన పాదాలు కదలడం లేదు. ఫ్యాన్ మోత తప్ప ఇంకేం వినపడటం లేదు. అది ఎంతసేపో నాకు తెలీదు. ఇప్పటికీ ఏదైనా ఫ్యాన్ ఆ స్థాయిలో మోగితే లేచి వెళ్ళి ఆపేస్తాను.

ఇక ఆగలేకపోయాను. "మీరు ఇక్కడే ఉండండి, నేను తెస్తాను," అని ఆవిణ్ణి గోడకి తోసి, బయట నిలబడి గుండె నిండా గాలి పీల్చి, నోరు బిగించి లోపలికి వెళ్ళాను. ఆయన రెండు చీలమండలూ పట్టుకుని లాగాను. కదిలారు గానీ బరువు, అబ్బో, ఎంత బరువు. సగం దూరం లాగేసరికి ఛాతీ పగిలిపోయేలా అయింది. వదిలేసి బయటికి వచ్చాను. వదిలేసి రావడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మళ్ళీ గాలి పీల్చి వెళ్ళాను. ఈసారి నా పక్కన ఇంకో జత చేతులు పడ్డాయి. మా అత్తగారు చీర కొంగు నడుంలో దోపి, బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టి, ఒక కాలు పట్టుకున్నారు. తడి గచ్చు మీద ఆయన జారుతూ వచ్చారు.

బయట వాకిట్లో వెల్లకిలా పడుకోబెట్టాం. చొక్కా గుండీలు తెంచేశాను. చెంపల మీద కొట్టాను. ఏమీ లేదు. మా అత్తగారు అమ్మవారిని పిలవడం మానేసి, కొడుకుని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలవడం మొదలుపెట్టారు, బడికి టైమయిందిరా లే అన్నట్టు. అయిపోయింది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అంతలో ఆయన ఛాతీ ఒక్కసారి ఎగిరిపడి, గురక లాంటి చప్పుడుతో గాలి పీల్చారు. పక్కకి తిరిగి వాంతి చేసుకున్నారు. చాలాసేపటికి కళ్ళు తెరిచారు.

"చక్కెరకేళి ఇంకో రోజు పడుతుంది," అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "మీరూ మీ చక్కెరకేళీ తగలబడ!" అని ఆయన భుజం మీద గుద్ది, ఆ భుజం మీదే పడి ఏడ్చాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి సాయంత్రం దాకా ఉంచి, ఇక భయం లేదని పంపించారు. డాక్టరుకి భయం లేదు. ఇంటికొచ్చాక ఆయన మంచం మీద ఆనుకుని కూర్చుని, "నీ మిషన్లకి ఏమైంది? పచ్చ చూసే వెళ్ళానే నేను," అని అడిగారు. మా అత్తగారు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతున్నారు. ఒత్తడం ఆపారు. నా జవాబు కోసం చూస్తున్నారు.

"కరెంటు హెచ్చుతగ్గులొచ్చాయి. ఒకేసారి రెండు దెబ్బతిన్నాయి," అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి దగ్గరా దాపరికం లేదు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం అబద్ధం నోట్లోంచి దానంతటదే వచ్చింది. నిజం చెప్తే ఏమవుతుంది? నీ చేత్తోనే నీ కొడుకుని చంపబోయావు అని ఆవిడతో చెప్పడమే కదా. అదీ ప్రేమగా తుడిచి, బొట్టు పెట్టి, నా భయాన్ని తలుచుకుని ఒకటి వదిలి మరీ. ఎలా చెప్తాను? చెప్పకపోతే వచ్చే దసరాకి మళ్ళీ ఆ చేతులే వస్తాయి. ఈ రెండు భయాల మధ్య నలిగిపోయాను.

చెప్పకుండానే అన్నీ మార్చేశాను. పెద్ద టూలు తీసేసి చిన్నది పెట్టాను. ఒకే ఒక్క కంప్యూటర్. కొత్త అంకెలు రాకపోతే తెర వెంటనే ఎర్రబడేలా చేశాను. సైరన్‌కి ఏ ప్రోగ్రామూ అక్కర్లేకుండా మీటరు నుంచే నేరుగా వైరు లాగించాను. కంప్యూటరున్నా లేకపోయినా గాలి చెడితే అది అరుస్తుంది. మా కంపెనీ కుర్రాడికి చెప్తే నసిగాడు.

"అక్కా, మళ్ళీ ఒక్క మిషనేనా? వెనక్కి వెళ్తున్నావు నువ్వు."

"మా ఇంటికొచ్చి ఒక నవమి నాడు నిలబడి చూడరా, అప్పుడు చెప్పు," అని ఫోన్ పెట్టేశాను. పాపం, వాడి తప్పేం లేదు. వాడు చెప్పిన లెక్కలన్నీ సరైనవే. మా ఇల్లు ఆ లెక్కల్లో లేదు, అంతే. అది నేను చెప్పాల్సింది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క కంప్యూటర్నీ ఇనప జాలీ లోపల పెట్టించి, ఆఫీసు గది గోడకి కప్పు కింద బిగించాను. గాలి బాగా ఆడుతుందని, ఎలుకలు చేరవని అందరికీ చెప్పాను. మా ఆయన నమ్మారు. ఆయన మళ్ళీ గదుల్లోకి వెళ్తున్నారు, తెర చూసి, ఫ్యాన్ వేసి, నాకు ఒక కేక వేసి మరీ. నేను మళ్ళీ చెవులు తలుపు వైపు వేసి కూర్చుంటున్నాను.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, మా అత్తగారు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి నా టేబుల్ ఎదురుగా కూర్చున్నారు. నన్ను చూడలేదు. గోడ మీద ఆ జాలీ వైపు చూస్తూ అడిగారు.

"ఆ రోజు నేను తీసిన పెట్టెల వల్లేనా అమ్మా?"

"అబ్బే, కాదత్తయ్యా. కరెంటు అని చెప్పాను కదా."

ఆవిడ తల ఊపారు. నేను గండం గడిచిందనుకుని నా కంప్యూటర్ వైపు తిరిగాను.

"మరి దాన్ని నాకందకుండా ఎందుకు బిగించావు?"

ఇంకో అబద్ధం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. నా మొహంలో ఆవిడ జవాబు చదివేసుకున్నారు. ఒళ్ళో ఉన్న రెండు చేతుల్నీ కొంగు కిందికి దాచుకున్నారు, వాటిని ఎవరూ చూడకూడదన్నట్టు. వెనక గదిలో మా ఆయన తలుపు లాగిన చప్పుడైంది. ఇద్దరం ఆ వైపు తిరిగాం. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అది మూసుకున్న చప్పుడు వినపడ్డాక గానీ ఆవిడ మాట్లాడలేదు.

"వాడికి చెప్పకమ్మా," అన్నారు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆవిడ నాకు పనులు చెప్పారు, ఆజ్ఞలు వేశారు, దెప్పారు, ఆటపట్టించారు. నన్ను బతిమాలడం అదే మొదలు.